తడి ఆరని గింజలు

కేసొంగ్ వదిలిన రోజు నా చేతిలో ఉన్నవి ఇవి. భార్య, పదకొండేళ్ళ కూతురు ఓక్‌బున్, అయిదు రోజులకు సరిపడా బియ్యం, మా ఆవిడ దూదికోటు అంచులో కుట్టుకున్న, మందుకు వాడే ఖరీదైన పద్నాలుగు జిన్‌సెంగ్ దుంపలు, ఇంటి తాళంచెవి. నదికి అవతల వదిలి వచ్చినవి ఇల్లు, ఊరికి దక్షిణాన మూడు వందల మడుల జిన్‌సెంగ్ తోట, అందులో రెండేళ్ళ మొక్కలు, వాటిని కనిపెట్టుకుని ఉండే తాక్ బాబాయ్.

మూడు రోజుల్లో తిరిగి వస్తామని అందరూ అన్నారు. నేను వ్యాపారిని కనుక ఇంకో రెండు రోజులు కలుపుకుని అయిదు రోజుల బియ్యం తీసుకున్నాను. యుద్ధం గురించి నేను వేసిన మొదటి లెక్క అది. తప్పింది.

అది 1950 డిసెంబరు. ఆ జూన్‌లో ఉత్తర కొరియా సైన్యం మా ఊళ్ళోకి దిగింది, శరదృతువులో వెనక్కి పరుగెత్తింది, చలికాలంలో చైనా వాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. తొమ్మిది నెలల్లో సియోల్ నగరం నాలుగుసార్లు చేతులు మారింది. రోట్లో రోకలి పడి లేచినట్టు యుద్ధం దేశం మీద పైకీ కిందికీ తిరిగింది. మరుసటి వేసవికి రోకలి మధ్యలో ఆగిపోయింది. ఎక్కడి వాళ్ళు అక్కడే కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. ఒక గుట్ట కోసం పొద్దున వెయ్యి మంది చచ్చేవారు. సాయంత్రానికి ఆ గుట్ట మొదట ఎవరిదో వాళ్ళ దగ్గరే ఉండేది.

మేము నది దాటి కాంగ్వా దీవికి చేరాం. ఎండరొయ్యలు అమ్మే ఒక దుకాణం వెనక గదిలో ఉండేవాళ్ళం. గుట్ట ఎక్కితే ఆవలి ఒడ్డు కనపడేది. మధ్యలో రెండు మైళ్ళు కూడా లేని నీళ్ళు, పోటు తీస్తే బురద. ఆ ఒడ్డున వాళ్ళ మైకులు, ఈ ఒడ్డున మన మైకులు. పగలంతా పాటలు, తిట్లు, మళ్ళీ పాటలు. రెండూ కలిసిపోయి ఏది ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు.

మా కేసొంగ్ వాళ్ళకు కాంగ్వాలో మంచి పేరేం లేదు. మేము పిసినారులమని దేశమంతా అంటుంది. మేమున్న దీవిలో పడవ నడిపే యోం అయితే మొదటి రోజే నన్ను ఇంటిపేరుతో పిలిచి మరీ అనేశాడు.

"కేసొంగ్ వాడు కూర్చున్న చోట గడ్డి కూడా మొలవదంటారు. మీరెక్కడ కూర్చుంటారో ముందే చెప్పండి సొల్ గారూ, నా ముల్లంగి మడి అటు వేసుకోను."

"గడ్డితో నాకేం పని యోం? అమ్ముడుపోదుగా," అన్నాను. ఆ రోజునుంచి మా స్నేహం కుదిరింది.

1951 జులైలో సంధి మాటలు మొదలయ్యాయి. అదీ మా కేసొంగ్‌లోనే. కాందిశీకులందరూ పండగ చేసుకున్నారు. మా వాళ్ళ సంఘానికి పెద్ద హ్వాంగ్ గారు. ఆయన కేసొంగ్‌లో పట్టు బట్టల వ్యాపారి, వయసు డెబ్భై దాటింది.

"యుద్ధం రాకముందు మన ఊరు దక్షిణానిదేగా," అన్నాడాయన. "బేరం కుదిరితే ఎవరిది వాళ్ళకొస్తుంది. కోతలకు ఇంటికి పోతాం."

నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత సంధి బల్ల దగ్గర జరిగిన సంగతులు విన్నాను. ఒకళ్ళ కుర్చీ ఎత్తు తగ్గించి రెండో వాళ్ళ కుర్చీ పెంచారట. ఒకళ్ళు బల్ల మీద చిన్న జెండా పెడితే రెండో వాళ్ళు ఇంకాస్త పొడుగు జెండా తెచ్చి పెట్టారట. నలభై ఏళ్ళలో నేను ఎన్నో బేరాలు చూశాను. ధర చెప్పేవాడు పీట ఎత్తు చూసుకోడు. పీట గురించి దెబ్బలాడేవాడు సరుకు అమ్మడానికి రాలేదు, అవతలివాణ్ణి కూర్చోబెట్టి అలిసిపోయేలా చెయ్యడానికి వచ్చాడు. కోతలు వచ్చాయి, పోయాయి. మాటలు మా ఊరునుంచి పన్మున్‌జొమ్‌కు మారాయి. రెండు సైన్యాల మధ్య గీత మాత్రం కదల్లేదు. ఈ బేరంలో ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళే ఉంచుకుంటారని, మా ఊరు వాళ్ళ చేతిలో ఉందని, ఆ చలికాలం నాకు అర్థమైంది. ఎవరితోనూ అనలేదు.

1952 జులై ఆఖరున యోం నా దగ్గరికి వచ్చి పొగాకు సంచి ఒకటి చేతిలో పెట్టాడు. "అవతలినుంచి. తాక్ అనే ముసలాయన ఇమ్మన్నాడట. దొంగచాటుగా నది దాటే మా వాళ్ళ చేతికి వచ్చి అయిదు రోజులైంది. మాటేమీ చెప్పలేదట."

సంచిలో తడి నాచు, అందులో మూడు ఎర్రటి కాయలు.

తాక్ బాబాయ్‌కి చదువు రాదు. ఆ మూడు కాయలే ఉత్తరం. మొక్కలు బతికే ఉన్నాయి, నాలుగో ఏడు వచ్చింది, విత్తనం తీస్తున్నాను అని దాని అర్థం.

జిన్‌సెంగ్ ఆరేళ్ళ పంట. విత్తనం మాత్రం నాలుగో ఏడు ఒక్కసారే తీస్తాం. ఆ ముందు తీస్తే గింజ గట్టిగా ఉండదు, తర్వాత తీస్తే దుంప చెడుతుంది. కాయ గుజ్జు కడిగేసి గింజలను ఇసుకలో పరిచి నూరు రోజులు రోజూ నీళ్ళు పెట్టాలి. అప్పుడు పెంకు కొంచెం విచ్చుతుంది. నోరు తెరిచింది అంటాం. నోరు తెరిచిన గింజనే నేల గడ్డకట్టక ముందు విత్తుతాం. మధ్యలో ఒక్క పూట తడి ఆరితే గింజ చచ్చినట్టే. పైకి మాత్రం బతికున్నదాని లాగే ఉంటుంది.

ఆ మూడు కాయలు చూస్తూ నేను లెక్క వేశాను. దక్షిణాన ఇంకెక్కడా కేసొంగ్ విత్తనం లేదు. ఈ ఏడు తెచ్చుకోకపోతే ఇక లేదు. ఊరు ఎటూ రాదు. తెచ్చుకోగలిగింది విత్తనం ఒక్కటే.

హ్వాంగ్ గారి గదిలో ఈ మాట చెప్పాను. పదిహేను మంది ఉన్నారు. 

"విత్తనం ఇక్కడికి ఎందుకురా మన్‌సిక్?" అన్నాడు హ్వాంగ్ గారు. "నీ తోట అక్కడుంది. రేపు మనం అక్కడికి పోతాం."

"రేపు ఎప్పుడు పెద్దయ్యా?"

"సంధి అయ్యాక."

"సంధి అయినా మన ఊరు రాదు."

"నోటి మాట జాగ్రత్త!" ఆయన పొగగొట్టంతో నేల మీద కొట్టాడు. "అక్కడ బేరం తెగకముందే నువ్వు ఊరిని అమ్మేశావన్నమాట. ఎంతకిచ్చావు? అర కుంచం గింజలకా?"

ఎవరో నవ్వారు. నేను లేచి వచ్చేశాను. ఆయన మాటలో తప్పు లేదు. నేను అడుగుతున్నది అదే మరి. విత్తనం వేయడమంటే ఆరేళ్ళు ఇక్కడే ఉంటామని ఒప్పుకోవడం. ఇంట్లో మా ఆవిడ కూడా ఒప్పుకోలేదు. ఏడాదిన్నర అయినా ఆవిడ మూట పూర్తిగా విప్పలేదు. గిన్నెలు తీసి వండి, కడిగి, మళ్ళీ మూటలోనే పెట్టేది.

"ఓక్‌బున్ అమ్మా, ఒక మడి అయినా వేద్దాం," అన్నాను ఆవిడతో.

"వేసుకోండి. నేను రాను. ఇక్కడి మట్టి నా గోళ్ళలోకి రానివ్వను."

"మట్టి అంతా ఒకటేగా."

"మీకు అంతా ఒకటే. మీరు వ్యాపారులు."

అయినా కోటు అంచు విప్పి ఏడు దుంపలు తీసి నా ముందు పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

నది దాటి రహస్యంగా తిరిగే యువకుల దళం ఒకటి దీవిలో ఉండేది. దాని నాయకుడు కో అనే కుర్రాడు. ఏడు దుంపలు అతనికిచ్చి, తాక్ బాబాయ్ తోట గుర్తులు చెప్పి, ఆయన ఇచ్చే గింజలు తెమ్మన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. మా జిన్‌సెంగ్ విద్య బయటివాళ్ళకు చెప్పకూడదని కేసొంగ్‌లో పిల్లలకు నడక కంటే ముందు నేర్పుతారు. మా తాత తన అల్లుడికి కూడా చెప్పలేదు.

సెప్టెంబరు నడిమికి కో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. శుభ్రమైన తెల్లగుడ్డ మూట విప్పాడు. ముత్యాల్లాంటి గింజలు, గలగలలాడుతున్నాయి. ఆ శబ్దం వినగానే గుడ్డ మడతలన్నీ విప్పి వెతికాను.

"ఇసుకేది?" అన్నాను.

"ఏ ఇసుక? ఓ, అదా! ముసలాయన తడి ఇసుకలో పెట్టి ఇచ్చాడు. నది దాటుతూ ఇసుక మొయ్యడానికి మాకేం పిచ్చా బాబాయ్? పారబోశాం. ముక్కిపోతాయని తెరచాప మీద పరిచి రెండు రోజులు బాగా ఎండబెట్టాం. చూడండి, ఒక్క పురుగు లేదు."

వరి పండించే ఇంటి పిల్లవాడు. వాళ్ళ ఇంట్లో విత్తనాన్ని ఎలా చూస్తారో అలాగే చూశాడు. అతని తప్పు కాదు. ఒక్క మాట చెప్పి ఉంటే అతను ఇసుక కాదు, బండరాయి అయినా మోసుకొచ్చేవాడు. విద్య దాచుకోబోయి విత్తనం పోగొట్టుకున్నాను. కేసొంగ్ వాడు తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు అది.

"చాలా బాగా తెచ్చావు," అన్నాను. "అక్కడ ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. సగమే ఇచ్చాడు. మిగతా సగం మీరొస్తేనే ఇస్తానన్నాడు. మొండి ముసలాడు."

తాక్ బాబాయ్ ఏనాడూ మొత్తం సరుకు ఒకే పడవలో ఎక్కించలేదు. నాకు వ్యాపారం నేర్పింది మా నాన్న అని అందరూ అనుకుంటారు.

ఈసారి నేనే వెళ్తానని యోంకి చెప్పి కోటు అంచులో మిగిలిన ఏడు దుంపలు ఇవ్వబోయాను. అతను ఆరు తీసుకుని ఒకటి వెనక్కిచ్చాడు.

"పిసినారి దగ్గర పూర్తిగా తీసుకుంటే పాపం. అది ఉంచుకోండి, బురదలో పడితే నమలడానికి పనికొస్తుంది."

అక్టోబరు ఆఖరు వారం. తెల్లవారుజామున పోటు మీద దాటాలి, రెండు గంటల్లో, నీళ్ళు తీయకముందే వెనక్కి బయల్దేరాలి. ఆ కాలంలో పొద్దున్నే నది మీద మంచు గోడలా లేస్తుంది. మేము నమ్ముకున్నది దాన్నే. రెల్లులో పడవ దాచి, యోం అక్కడే ఉండిపోయాడు. నేను ఒక్కణ్ణీ నడిచాను. తోట అరగంట దూరం.

తోట అన్నాను కానీ, అక్కడ తోట లేదు. జిన్‌సెంగ్‌కి ఎండ పడదు. మడి మీద గడ్డి కప్పు వేస్తాం. ముందు గుంజలు లావుగా, ఎత్తుగా. వెనక గుంజలు సన్నగా, పొట్టిగా. కప్పు వెనక్కి వాలి, తెరిచిన ముఖం ఎప్పుడూ ఉత్తరానికి ఉంటుంది. మూడు వందల మడుల మీద ఒక్క గుంజ లేదు. మోకాలెత్తు మొద్దులు మాత్రం ఉన్నాయి. కందకాల పైకప్పులకు సైనికులు అన్నీ నరుక్కుపోయారు. ఆ కొసన ఒక పాతిక మడుల మీద మాత్రం జొన్న కర్రలు, రెల్లు, చిరిగిన చాపలు కట్టి ఉన్నాయి. వాటి కింద తాక్ బాబాయ్ కూర్చుని ఇసుక పెట్టెలో నీళ్ళు చిలకరిస్తున్నాడు.

"ఆలస్యమైంది చిన్నయ్యా," అన్నాడు, నేను పొరుగూరికి వెళ్ళి వచ్చినట్టు.

"ఏడాది పది నెలలు బాబాయ్."

"అది కాదు. గింజ నిన్ననే నోరు తెరిచింది. రెండు రోజుల ముందు రావలసింది, మూసిన గింజయితే దారికి తట్టుకునేది." ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టాడు. పెంకు మధ్య సన్నని గీత, లోపల తెల్లగా. "ఇంతకుముందు పంపినవి ఎలా ఉన్నాయి?"

"ఎండబెట్టారు."

ఆయన నా అరచేతిలోని గింజ తీసి మళ్ళీ ఇసుకలో పెట్టాడు. "నువ్వు చెప్పలేదా?"

"చెప్పలేదు."

"మీ తాతలాగే తయారయ్యావు," అన్నాడు. ఆయన నన్ను తిట్టడం అదొక్కసారే.

గింజలను తడి ఇసుకతో కలిపి గుడ్డసంచిలో పోశాడు. దాని మీద నాచు, దాని మీద ఇంకో గుడ్డ. నా కోటు లోపల రొమ్ముకు కట్టాడు. చలి ఎముకల్లోకి దిగింది.

"పద బాబాయ్. పడవలో చోటుంది."

"వీటినెవరు చూస్తారు?" అని ఆ పాతిక మడుల వైపు చూపించాడు.

"ఇంకేం చూస్తావు? రేపో మాపో ఆ చాపలు కూడా పట్టుకుపోతారు."

"పట్టుకుపోతే గడ్డి కప్పుతా. నాలుగేళ్ళ మొక్కలు చిన్నయ్యా. ఇంకో రెండేళ్ళు. ఆరు నిండకుండా తోట వదిలినవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"నేను వదిలాను."

"నువ్వు షావుకారువి. వదులుతావు. నేను సాగుదారుణ్ణి." పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నా వంతు మాత్రం మర్చిపోకు. పదింట ఒకటి. అక్కడ పండినదానిలో కూడా."

"అక్కడిది నువ్వు పండించవుగా?"

"నూరు రోజులు నీళ్ళు ఎవరు పెట్టారు?"

"సరే. పదింట ఒకటి."

బేరం అయింది. ఆయన మళ్ళీ కూర్చుని పెట్టెలో మిగిలిన గింజలకు నీళ్ళు చిలకరించడం మొదలుపెట్టాడు. కొన్ని తన దగ్గర ఉంచుకున్నాడు.

వెనక్కి నడక మొదలుపెట్టిన కాసేపటికి మంచు ఇంకా చిక్కబడింది. నా చెయ్యి నాకే కనపడలేదు. ఎక్కడో చైనా మాటలు వినపడితే మడుల మధ్య కాలవలో బోర్లా పడుకున్నాను. నలుగురో అయిదుగురో నవ్వుకుంటూ నా తలకు పది అడుగుల దూరంలో పోయారు. లేచాక నది ఎటుందో తెలియలేదు. మైకులు మొదలయ్యాయి. ఈ పాట అటునుంచి, ఆ పాట ఇటునుంచి, మంచులో అంతా ఒకటే రొద. తప్పుగా నడిస్తే తిన్నగా వాళ్ళ కందకంలో దిగుతాను.

కాలికి ఒక మొద్దు తగిలింది. వంగి తడిమాను. చేతికి నిండుగా, లావుగా ఉంది. మడి దాటి అటువైపు తడిమాను. రెండు వేళ్ళంత సన్నటి మొద్దు. లావుది ముందు గుంజ, అది ఉత్తరం. సన్నది వెనక గుంజ, అది దక్షిణం. దక్షిణాన నది. గుంజలు పట్టుకుపోయినవాళ్ళు దిక్కులు వదిలిపోయారు. లావు మొద్దునుంచి సన్న మొద్దుకు, అక్కడినుంచి కాలవ దాటి మళ్ళీ లావు మొద్దుకు, ఒక్కొక్క మడీ తడుముకుంటూ నలభై మూడు మడులు దాటాను. మడులు అయిపోయాక అదే దిక్కున తిన్నగా నడిస్తే చివర రెల్లు తగిలింది.

"ఇంత ఆలస్యమా!" యోం పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "నీళ్ళు తీసేస్తున్నాయి."

సగం నది దాటామో లేదో పడవ అడుగు బురదకు రాసుకుంది. ఇంకో నాలుగు తెడ్లకు నిలిచిపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆరు గంటలు. ఒక గంటలో మంచు విడిపోయి ఎండ వచ్చింది. పడవలో వెల్లకిలా పడుకుని పైన పాత చాప కప్పుకున్నాం. ఉత్తరం ఒడ్డున తుపాకులు, దక్షిణం ఒడ్డున తుపాకులు, మధ్యలో మేము.

"ఎవరైనా కాలుస్తారంటావా?" అన్నాను.

"ఏమో. వాళ్ళు మనల్ని ఇటువైపు పడవ అనుకోవచ్చు, ఇటువాళ్ళు అటుది అనుకోవచ్చు. ఒకడు కాలిస్తే రెండోవాడూ కాల్చాలి. పొద్దున్నే ఎవరికుంటుంది ఓపిక?"

ఎవరూ కాల్చలేదు. రెండేళ్ళ యుద్ధం ఎలా నడుస్తోందో ఆ ఆరు గంటల్లో నాకు బాగా అర్థమైంది.

ఎండకు సంచి పైగుడ్డ వెచ్చబడింది. చెయ్యి పెట్టి చూశాను. నాచు పొడిగా ఉంది. చుట్టూ బురదలో సముద్రపు పోటు తెచ్చిన ఉప్పునీరు, అది తగిలితే గింజ మాడిపోతుంది. పడవలో ఉన్న మంచినీళ్ళు ఒక్క సొరకాయ బుర్రెడు. బుర్ర తీసి సగం సంచి మీద పోశాను.

యోం నోరు తెరిచి చూశాడు. "మనుషులకు లేవు, గింజలకు పోస్తున్నారా?"

"ఇవి ఒక పూట ఎండితే చచ్చిపోతాయి."

"నేను చావనా?"

"నువ్వు రెండు పూటలు ఆగుతావు."

"నిజంగానే మీరు కూర్చున్న చోట గడ్డి మొలవదు!" అని, చాప కింద కదలకుండా నవ్వడానికి నానా అవస్థా పడ్డాడు. నేను మిగిలిన దుంప తీసి విరిచి సగం ఇచ్చాను. నమిలాడు. "చేదు. దీనికోసమా ఇదంతా!" అన్నాడు. కాసేపాగి అడిగాడు. "తడిగానే ఎందుకుండాలి అసలు?"

ఈసారి చెప్పాను. కాయ కడగడం దగ్గరనుంచి, ఇసుక ఎంత, నీళ్ళు ఎంత, నోరు ఎప్పుడు తెరుస్తుంది, అన్నీ. చెప్పడానికి ఆరు గంటలు ఉన్నాయి. మిగిలిన నీళ్ళు ఇద్దరం ఒక్క గుక్కా తాగకుండా మూడు విడతలుగా గింజలకే పోశాం. మూడో విడత యోమే పోశాడు.

నవంబరు మొదటి వారం, కాంగ్వాలో ఒక ఉత్తరపు వాలు కౌలుకు తీసుకుని మడులు కట్టాను. అర కుంచం గింజలు, ఇంచుమించు ఇరవై వేలు. మొదటి రోజు ఒక్కణ్ణే గుంతలు చేసి వేశాను. రెండో రోజు మధ్యాహ్నం వెనక అలికిడైంది. మా ఆవిడ గుంజల మోపు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"పొడుగు గుంజలు ఎటు? అటేగా?" అంది.

అటే. ఉత్తరం. తెరిచిన ముఖం నదివైపు, నది అవతల మా ఊరివైపు. కేసొంగ్‌లోనూ మడులు ఉత్తరానికే చూసేవి, అక్కడ ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఆవిడ మోపు దించి, చేతులు మట్టిలో పెట్టింది. ఆ రాత్రి గిన్నెలు మూటలోకి పోలేదు.

ఏప్రిల్‌లో మొలకలు వచ్చాయి. 1953 జులై ఇరవై ఏడున సంధి అయింది. గీత ఎక్కడ ఆగిందో అక్కడే గీశారు. యుద్ధానికి ముందున్న సరిహద్దు కంటే ఇది కొన్నిచోట్ల పైకి పోయింది, మా దగ్గర కిందికి వచ్చింది. మూడేళ్ళు, లెక్కపెట్టలేనంతమంది మనుషులు, చివరికి అంతే. కేసొంగ్ అవతల పడింది. నది మీద పడవలు ఆగిపోయాయి.

ఆ సాయంత్రం హ్వాంగ్ గారు కర్ర పోటేసుకుంటూ తోటకు వచ్చాడు. మూడు ఆకుల మొలకల్ని చాలాసేపు వంగి చూశాడు.

"ఇవి కూడా ఊరివైపే చూస్తున్నాయిరా," అన్నాడు.

"ఎండ పడదు పెద్దయ్యా, అందుకు."

"తెలుసులే. నాకూ చెప్పొస్తావా?" కర్రతో నా కాలి మీద మెల్లగా తట్టాడు. "విత్తనం తీసినప్పుడు నాకో దోసెడు ఉంచు. నేను ఉండను. మనవడికి."

1956లో విత్తనం తీశాను. హ్వాంగ్ గారు అప్పటికి పోయి ఏడాది. ఆయన మనవడికి దోసెడు, మా వాళ్ళ పదిహేను ఇళ్ళకు తలా దోసెడు, కోకు ఒకటి, యోంకి ఒకటి ఇచ్చాను. తీసుకున్న ప్రతివాడినీ ఇసుక పెట్టె ముందు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. చెప్పి, మళ్ళీ అప్పజెప్పించుకున్నాను. యోం మాత్రం, "నాకు పడవలోనే నేర్పారుగా, దాహంతో సహా," అని లేచిపోయాడు.

1958 శరదృతువులో ఆరేళ్ళు నిండి దుంపలు తవ్వాం. ఇక లెక్క ఇది.

పోయినవి: ఒక ఇల్లు, మూడు వందల మడులు, అర కుంచం ఎండిన గింజలు, పద్నాలుగు దుంపలు. తాక్ బాబాయ్ ఏమయ్యాడో తెలియదు. ఆయన మొక్కలకు 1954లోనే ఆరు నిండింది. తవ్వాడనే నేను రాసుకున్నాను.

వచ్చినవి: ఇరవై వేల గింజల్లో పద్నాలుగు వేలు మొలిచాయి. కుళ్ళు, ఎలుకలు, ఒక గాలివాన పోగా తవ్వినవి ఆరు వేల రెండు వందల దుంపలు. అందులో పదింట ఒకటి, ఆరు వందల ఇరవై, తాక్ బాబాయ్ వంతు. అవి అమ్మలేదు. ఆవిరి పట్టి, ఎండబెట్టి, ఎర్రగా చేసి, డబ్బాల్లో గాలి చొరకుండా మూశాను. అలా చేస్తే ఇరవై ఏళ్ళు చెడవు. దీవిలో మా ఇల్లు కాక మడులున్న ఇళ్ళు పద్దెనిమిది. యోం ఇల్లు అందులో ఒకటి, అతని ముల్లంగి మడి ఇప్పుడు లేదు.

అమ్మకానికి పోవలసినవి అయిదు వేల అయిదు వందల ఎనభై. బండికి ఎత్తేముందు మళ్ళీ లెక్కపెడితే పద్నాలుగు తగ్గాయి. ఇంట్లోకి వెళ్ళి చూశాను. మా ఆవిడ పాత దూదికోటు ఒళ్ళో పెట్టుకుని అంచు కుడుతోంది.

"ఎందుకవి?" అన్నాను.

"మళ్ళీ ఎప్పుడైనా మూడు రోజులకని వెళ్ళాల్సి వస్తే," అంది, తలెత్తకుండా.

అమ్మినవి అయిదు వేల అయిదు వందల అరవై ఆరు.